హి బింగ్‌జియావోకు నాలుగు లైన్లేనా?

సంపాదకుల వారికి,

నమస్కారం. 2024 డిసెంబరు 1న లక్నోలో సయ్యద్ మోదీ బ్యాడ్మింటన్ టోర్నీ ఫైనల్లో మన సింధు గెలిచిన వార్తను మరునాడు మీరు ఘనంగా వేశారు. వెయ్యాల్సిందే. 2022 సింగపూర్ ఓపెన్ తర్వాత ఆమె చేతికి వరల్డ్ టూర్ టైటిల్ రావడం ఇదే. అయితే ఆ వార్తలో ఓడిపోయిన మనిషి ‘చైనా అమ్మాయి’గా మొదలై, ‘చైనా అమ్మాయి’గానే ముగిసింది. ఆమె వు లువోయు. స్కోరు 21-14, 21-16. స్కోరు వేశారు గానీ పేరుకు చోటు దొరకలేదు.

అది చిన్న సంగతే, పోనివ్వండి. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఇంకో అమ్మాయి గురించి. ఈ మధ్యే హి బింగ్‌జియావో అంతర్జాతీయ ఆటకు సెలవు చెప్పింది. పారిస్ ఒలింపిక్స్ రజత పతక విజేత, వయసు 27. ఆ వార్త మీ క్రీడాపేజీలో కింది మూలన, ఫ్లాట్ల ప్రకటన పక్కన, నాలుగు లైన్లలో వచ్చింది. అందులో ఒక లైను ‘పారిస్‌లో సింధును ఓడించిన క్రీడాకారిణి’ అని. అంతే, ఆమె జీవితమంతా అయిపోయింది. ఇప్పుడిక మీ పేజీలన్నీ ఉదయపూర్‌లో సింధు పెళ్లి కబుర్లే. పెళ్లికూతురు మన ఇంటి పిల్ల కాబట్టి మేమూ ఇష్టంగానే చదువుతున్నాం. కానీ ఆ కబుర్లలో ఒక్క రోజు వంటకాల జాబితా తగ్గించి బింగ్‌జియావో గురించి అర పేజీ రాయమని నా విన్నపం. ఎందుకో చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను ఆటగాణ్ని కాను, కోచ్‌ను అసలే కాను. ఎల్బీ స్టేడియానికి నడిచి వెళ్లేంత దూరంలో రాకెట్లకు గట్టింగ్, అంటే తీగల అల్లిక, వేసుకుని బతికేవాణ్ని. మెషీన్ పెట్టుకోవడానికీ, నేను కూర్చోవడానికీ, వచ్చినవాళ్లు నిలబడటానికీ సరిపోయేంత జాగా, పైన ఒక చిన్న టీవీ. రాకెట్ చేతికిస్తే ఆడే మనిషి గురించి సగం చెప్పగలను. కొత్తగా నేర్చుకునే పిల్లల గట్టింగ్ పై అంచున, ఫ్రేమ్ పక్కన తెగుతుంది. దెబ్బ సరిగ్గా తగలని చోటు అది. ఆట తెలిసినవాళ్లది నడిమధ్యలో తెగుతుంది. గ్రిప్ చుట్టు చూస్తే చేయి కూడా తెలుస్తుంది. ఎడమచేతి వాళ్లకు గ్రిప్ తిరగేసి చుట్టాలి, లేకపోతే ఆడుతుంటే అంచులు లేచిపోతాయి. మా దగ్గరికి వచ్చే ఎడమచేతి పిల్లల అమ్మానాన్నలకు ఈ సంగతి తెలియదు. పిల్లలకు మాత్రం ఏదో ఇబ్బందిగా ఉందని తెలుసు.

బింగ్‌జియావోను నేను మొదట గుర్తుపెట్టుకున్నది ఆ ఎడమ చేతి వల్లే. 1997 మార్చిలో పుట్టింది, జియాంగ్సు రాష్ట్రంలోని సుజౌ ఆమె ఊరు. 2014లో మలేసియాలోని అలోర్ సెతార్‌లో జూనియర్ ప్రపంచ పోటీల ఫైనల్లో జపాన్ పిల్ల అకానె యమగుచి చేతిలో ఓడింది. అదే ఏడాది ఆగస్టులో నాన్‌జింగ్‌లో జరిగిన యూత్ ఒలింపిక్స్ ఫైనల్లో మళ్లీ అదే యమగుచి ఎదురైతే, మూడు గేములు ఆడి స్వర్ణం కొట్టింది. అప్పటికి ఆమెకు 17 ఏళ్లు. నాన్‌జింగ్ వాళ్ల సొంత రాష్ట్రపు రాజధాని. ఆ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆమెది కొట్టి చంపే ఆట కాదు. సింధు అయిదడుగుల పది అంగుళాల మనిషి, పైనుంచి స్మాష్ దింపితే అవతల గుండె జారుతుంది. బింగ్‌జియావో అంత ఎత్తు కాదు, అంత జోరూ కాదు. ఆమె బలమంతా మణికట్టులో ఉండేది. చేయి పైకి లేస్తే వెనక్కి ఎత్తి వేసే టాస్ వస్తుందో, నెట్ దాటగానే పడే డ్రాప్ వస్తుందో, సగం జోరుతో దిగే హాఫ్ స్మాష్ వస్తుందో చివరి క్షణం దాకా అంతుపట్టదు. పైగా ఎడమ చేయి. షటిల్‌కు ఈకలు ఒకదాని మీద ఒకటి ఒకే వైపుకు అమర్చి ఉంటాయి కాబట్టి గాల్లో అది ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది. అందుకే కుడిచేత్తో కోసి కొట్టిన షటిలూ ఎడమచేత్తో కోసి కొట్టిన షటిలూ ఒకేలా దిగవు. ఇక కుడిచేతి వాళ్లు అలవాటుగా ‘ఇది బ్యాక్‌హ్యాండ్ మూల’ అనుకుని వేసిన చోటే ఎడమచేతి వాళ్ల ఫోర్‌హ్యాండ్ కాచుకుని ఉంటుంది. ఇది తెలిసినా చేయి పాత దారే పడుతుంది. ఎడమచేతి వాళ్లతో రోజూ ప్రాక్టీస్ చేస్తే తప్ప పోదు.

2016లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. అప్పటికి ఇంకా ఇరవై నిండలేదు. ఆ ఏడాదే రియోలో చైనాకు మహిళల సింగిల్స్‌లో ఒక్క పతకమూ రాలేదు. 2000 నుంచి 2012 దాకా వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో ఆ స్వర్ణం వాళ్లదే. గాంగ్ జిచావో, రెండుసార్లు జాంగ్ నింగ్, తర్వాత లి షురుయ్. రియోలో ఆ వరస తెగింది, స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ తెంపింది. మన సింధుకు రజతం వచ్చిన ఒలింపిక్స్ కాబట్టి మనకు అది పండగ. చైనా వాళ్లకు మాత్రం ఇక ఎవరున్నారని వెతుక్కునే పరిస్థితి. వెతికితే కనబడ్డ ఇద్దరు పిల్లల్లో ఒకతె చెన్ యుఫీ, రెండో ఆమె బింగ్‌జియావో. పోయిన పరువు తెచ్చే బరువు ఆ వయసులో ఆ ఇద్దరి మీద పడింది.

చెన్ యుఫీ ఆ బరువు మోసి టోక్యోలో స్వర్ణం తెచ్చింది. బింగ్‌జియావో పక్కనే నడిచింది. 2018 ప్రపంచ చాంపియన్‌షిప్ మళ్లీ నాన్‌జింగ్‌లోనే. సెమీఫైనల్లో మారిన్ మీద మొదటి గేమ్ గెలిచి, తర్వాతి రెండూ ఓడిపోయి కాంస్యంతో ఆగిపోయింది. సొంత రాష్ట్రం జనం ముందు. ఫైనల్లో మారిన్ చేతిలో ఓడింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు, అది మన సింధే. బింగ్‌జియావో 2019లో కొరియా ఓపెన్ గెలిచింది, 2021 ప్రపంచ పోటీల్లో మళ్లీ కాంస్యం, 2022 అక్టోబరులో డెన్మార్క్ ఓపెన్, వెంటనే ఫ్రెంచ్ ఓపెన్. డెన్మార్క్ ఫైనల్లో చెన్ యుఫీని, ఫ్రెంచ్ ఫైనల్లో మారిన్‌ను ఓడించింది. ఈ మారిన్ పేరు ఇన్నిసార్లు ఎందుకు వస్తోందంటే, బింగ్‌జియావో కథలో ఆమె లేకుండా ఏ మలుపూ లేదు. ఇద్దరూ ఎడమచేతి వాళ్లే.

ఇక టోక్యో. 2021 ఆగస్టు 1, ఆదివారం. సింధు అంతకు ముందు రోజు సెమీస్‌లో తైవాన్ అమ్మాయి తై జు యింగ్ చేతిలో ఓడింది. బింగ్‌జియావో తన దేశం పిల్ల చెన్ యుఫీ చేతిలో మూడు గేముల్లో ఓడింది. అంతకు ముందు క్వార్టర్స్‌లో ఆమె జపాన్‌కే చెందిన ఒకుహరాను వాళ్ల సొంత గడ్డ మీద ఇంటికి పంపింది. అంటే కాంస్యం కోసం ఆ రోజు ఎదురెదురు నిలబడింది ఇద్దరు దెబ్బతిన్న మనుషులు. అప్పటిదాకా ఇద్దరి మధ్య గెలుపుల లెక్క చైనా వైపే ఉంది, 9-6. మా దుకాణంలో టీవీ కింద జనం రోడ్డు మీదికి వచ్చేశారు. ఆ రోజు సింధు ఆడింది ఆట. 21-13, 21-15. ర్యాలీలు పొడిగించకుండా, బింగ్‌జియావో మణికట్టుకు పని దొరకనివ్వకుండా, నేరుగా ఒంటి మీదికి కొట్టి ముగించింది. గచ్చిబౌలి స్టేడియంలో కొరియా కోచ్ పార్క్ దగ్గర చేసిన సాధన అంతా అక్కడ కనబడింది. రెండు ఒలింపిక్ పతకాలు గెలిచిన తొలి భారతీయ మహిళ మన ఊరి పిల్ల. బయట టపాకాయలు పేలాయి.

ఆ టపాకాయల్లో కొన్ని సింధు గెలిచినందుకు కావు, చైనా ఓడినందుకు. అది కూడా నిజమే, దాచడం దేనికి. అప్పటికి సరిహద్దులో చైనా సైనికులతో గల్వాన్ ఘర్షణ జరిగి ఏడాది దాటింది. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు అక్కడే ప్రాణం విడిచాడు. ఆయన భౌతికకాయం వచ్చిన రోజు సూర్యాపేట రోడ్ల మీద నిలబడ్డ జనంలో మా బంధువులూ ఉన్నారు. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, దాన్ని తప్పు పట్టను. ఆ రోజుల్లో ఒకాయన రాకెట్ తెచ్చి, “అన్నా, చైనా సామాన్ ఏదీ పెట్టకు” అన్నాడు. సరేనని జపాన్ గట్టింగ్ వేశాను. తీరా ఆయన సంచిలో ఉన్న రాకెట్ లీ నింగ్, చైనా కంపెనీదే. ఈకల షటిళ్ల డబ్బా సంగతి నేనెత్తలేదు. ఆ ఈకలు చాలావరకు ఏ దేశపు బాతులవో చెప్తే ఆయన ఆటే మానేయాల్సి వచ్చేది. టోక్యోలో సింధు చేతిలో ఉన్నదీ లీ నింగ్ రాకెట్టే.

సైనికుడు చనిపోయిన కోపాన్ని సుజౌ పిల్ల మీద చూపిస్తే కల్నల్‌కు ఏం ఒరుగుతుందో నాకైతే అర్థం కాదు. మీ పత్రికలో ఆ మర్నాటి శీర్షికలో ‘డ్రాగన్’ అనే మాట ఉంది. ఎదురుగా ఉన్నది డ్రాగన్ కాదు సార్, ఇరవై నాలుగేళ్ల ఆడపిల్ల. ముందు రోజు తన దేశం పిల్ల చేతిలోనే ఓడి, మళ్లీ కోర్టు ఎక్కి, రెండోసారీ ఓడి, ఉత్త చేతులతో ఇంటికి పోయింది.

ఇక్కడ ఇంకో చైనా ఆమెను గుర్తు చేయాలి. ఆమెను మీరు, మీరేమిటి, ఈ ఊరంతా మరిచిపోయింది. ఆమె పేరు వాంగ్ షిన్.

2012 ఆగస్టు 4, లండన్, వెంబ్లీ అరేనా. సైనా నెహ్వాల్‌కు ఒలింపిక్ కాంస్యం వచ్చిన రోజు. బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అదే మొదటి ఒలింపిక్ పతకం. ఈ ఎల్బీ స్టేడియంలోనే సైనా మొదట రాకెట్ పట్టింది. రాజేంద్రనగర్ నుంచి తండ్రి హర్వీర్ సింగ్ గారు తెల్లవారకముందే స్కూటర్ మీద తెచ్చేవారు. వెనక సీట్లో పిల్ల నిద్రపోయి పడిపోతుందేమోనని తల్లి కూడా వెనక కూర్చుని వచ్చేదన్న ముచ్చట ఇక్కడ అందరికీ తెలుసు. ఆ పతకం ఏటా మీరు గుర్తు చేస్తారు. అయితే ఆ మ్యాచ్‌లో ఆధిక్యంలో ఉన్నది సైనా కాదు. వాంగ్ షిన్ మొదటి గేమ్ 21-18తో గెలిచింది. ఆ గేమ్ చివర్లో ఎగిరి దిగేటప్పుడు ఎడమ మోకాలు మెలిపడింది. కట్టు కట్టించుకుని నిలబడింది. రెండో గేమ్‌లో 1-0 దగ్గర ఇక నిలబడలేక ఆగిపోయింది. మీ వార్తల్లో ఇదంతా ‘ప్రత్యర్థి గాయంతో వైదొలగడంతో’ అన్న ఒక్క ముక్కలో ఉంటుంది.

ఆ ముక్క వెనక ఉన్న మనిషి షెన్యాంగ్ నుంచి వచ్చింది. 2010లో ప్రపంచ నంబర్ వన్. ఆ ఏడాదే పారిస్‌లో ప్రపంచ పోటీల్లో రజతం, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం, మరుసటి ఏడు లండన్‌లో ప్రపంచ పోటీల్లో కాంస్యం. రెండు పెద్ద ఫైనళ్లలోనూ ఆమెను ఆపింది చైనా వాళ్లే, పారిస్‌లో వాంగ్ లిన్, గ్వాంగ్‌జౌలో వాంగ్ షిషియాన్. లండన్ ఒలింపిక్స్ సెమీస్‌లో కూడా ఆమెను ఓడించింది చైనా పిల్లే, లి షురుయ్. ఒలింపిక్ పతకానికి ఒక గేమ్ దూరంలో మోకాలు పోయింది. ఆ తర్వాత ఆమె మునుపటి మనిషి కాలేదు. ఆ వారం చైనా వాళ్ల మీద ఎవరికీ జాలి లేదు కూడా. డబుల్స్‌లో కావాలని ఓడుతున్నారని నాలుగు జంటలను బయటికి పంపారు, అందులో ఒకటి చైనా జంట. మిగతా రెండు కొరియా, ఒక ఇండోనేసియా జంటల సంగతి ఎవరికీ గుర్తులేదు. మోకాలు పట్టుకుని కూలబడ్డ వాంగ్ షిన్‌ను చూసి మా దుకాణం ముందు ఒకాయన “నాటకం” అన్నాడు. ఆ మాట నాకింకా చెవిలో ఉంది.

ఈ ఆటలో మోకాలు కథ మన హైదరాబాద్ వాళ్లకు ఒకరు చెప్పాల్సింది కాదు. 1994లో గోపీచంద్ మోకాలు పోయింది. ఇక ఆడడన్నారు. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, ఫైనల్లో ఓడింది చెన్ హాంగ్ అనే చైనా ఆటగాడు, 15-12, 15-6. రియోలో లి షురుయ్ మోకాలు సెమీస్‌లో మారిన్‌తో ఆడుతూనే పోయింది. కాంస్యం మ్యాచ్‌కు రాలేకపోయింది, పతకం ఆడకుండానే ఒకుహరాకు వెళ్లింది. ఆ రియో తర్వాతే సైనా మోకాలికి శస్త్రచికిత్స. 2019 జనవరిలో ఇండోనేసియా మాస్టర్స్ ఫైనల్లో సైనా మీద 10-4తో ముందున్న మారిన్ కుడి మోకాలు పోయింది, టైటిల్ సైనాకు దక్కింది. 2021లో మారిన్ ఎడమ మోకాలు, టోక్యో పోయింది. ఎగరడం, ఒంటి కాలి మీద దిగడం, అదే క్షణంలో ఇంకో వైపుకు తిరగడం. బ్యాడ్మింటన్ సింగిల్స్ అంటే ఇదే పని, మ్యాచ్‌కు వందల సార్లు. గట్టింగ్ తెగితే నా దగ్గరికి తెస్తారు, నలభై నిమిషాల్లో ఇచ్చేస్తాను.

ఇప్పుడు పారిస్‌కు వద్దాం. తారీఖులు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. 2024 ఆగస్టు 1. సరిగ్గా మూడేళ్ల తర్వాత, అదే తేదీన, ప్రీక్వార్టర్స్‌లో సింధు, బింగ్‌జియావో మళ్లీ ఎదురుపడ్డారు. ఈ మధ్యలో 2022 ఆసియా చాంపియన్‌షిప్‌లో సింధు మూడు గేముల్లో గెలిచింది, 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బింగ్‌జియావో గెలిచింది. పారిస్‌లో సింధు మొదటి గేమ్‌ను 19 దాకా లాక్కొచ్చి పోగొట్టుకుంది, రెండోది 14 దగ్గర ముగిసింది. టోక్యోలో దొరకని సందు ఈసారి ఆ ఎడమ మణికట్టుకు దొరికింది. ర్యాలీలు పొడుగయ్యాయి, నెట్ దగ్గర డ్రిబుల్ ఆడించింది, సింధును ముందుకీ వెనక్కీ తిప్పింది. మర్నాడు మన పత్రికలన్నీ సింధుకు ఏమైందనే రాశాయి. కోచ్ మారితే మేలా, వయసైపోయిందా, బెంగళూరు వెళ్లడం మంచిదైందా కాదా. బింగ్‌జియావో ఏం చేసిందని రాసినవాళ్లు నాకు కనబడలేదు. మూడేళ్ల కిందటి ఓటమిని ఆ పిల్ల ఎలా చదువుకుంది, ఎలా దిద్దుకుంది అన్నది కదా ఆటలో అసలు వార్త?

ఆగస్టు 3న క్వార్టర్స్‌లో ఒలింపిక్ చాంపియన్ చెన్ యుఫీని వరస గేముల్లో ఓడించింది. టోక్యో సెమీస్ బాకీ అలా తీరింది. ఆ మ్యాచ్ చూడని వాళ్లు ఇప్పటికైనా చూడాలి. చిన్నప్పటి నుంచి ఒకే జట్టులో, ఒకే హాల్లో ఆడిన ఇద్దరి మధ్య అరుపులు లేవు, పిడికిళ్లు లేవు.

ఆగస్టు 4. లండన్‌లో వాంగ్ షిన్ మోకాలు పోయి సరిగ్గా పన్నెండేళ్లు. సెమీస్‌లో బింగ్‌జియావో ముందు మారిన్. మొదటి గేమ్ 21-14 మారిన్‌ది. రెండో గేమ్‌లోనూ మారిన్ ఆధిక్యంలో ఉండగా కుడి మోకాలు మళ్లీ పోయింది. పట్టీ వేసుకుని రెండు పాయింట్లు ఆడబోయింది, కుదరలేదు. 10-8 దగ్గర కోర్టు మీద కూలబడి ఏడ్చింది. అవతలి వైపు నుంచి బింగ్‌జియావో వచ్చింది. ఆ మ్యాచ్‌లో తను గెలిచే దారి కనబడటం లేదని ఆమెకు తెలుసు. గెలిచిందని స్కోరు బోర్డు చెప్తోంది. ఆ పరిస్థితిలో ముఖం ఎలా పెట్టుకోవాలో ఏ కోచ్ నేర్పుతాడు?

మర్నాడు ఫైనల్లో కొరియా అమ్మాయి ఆన్ సే యంగ్ చేతిలో 21-13, 21-16తో ఓడింది. పతకాలు ఇచ్చేటప్పుడు బింగ్‌జియావో చేతిలో ఒక చిన్న పిన్ను ఉంది. స్పెయిన్ జట్టు పిన్ను. రజతంతో పాటు దాన్ని కెమెరాల ముందు పట్టుకుని నిలబడింది. ఆ ముందు రోజు దాకా ఆ చోట నిలబడాల్సిన మనిషి ఒకరున్నారని చెప్పడానికి. చైనా నుంచి వచ్చిన పిల్ల, తన ఒలింపిక్ రజతం ఫోటోలో ఇంకో దేశం గుర్తుకు చోటిచ్చింది. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. మీ పత్రికలో తపాలా బిళ్ల సైజులో వచ్చింది, కింద ఆమె పేరు తప్పుగా ఉంది.

మా దుకాణంలో ఆ రోజు ఒక పెద్దాయన ఉన్నారు. పాత రోజుల్లో రాష్ట్రానికి ఆడినాయన. పిన్ను చూసి ఏమీ అనలేదు. కాసేపటికి “లండన్‌లో వాంగ్ షిన్‌కు ఎవరైనా ఇలా చేసి ఉంటే బాగుండేది” అన్నారు. నేను దానికి ఏమీ చెప్పలేదు. ఎందుకంటే అది సైనా తప్పు కాదు. ఇరవై రెండేళ్ల పిల్ల, దేశం మొత్తం ఆమె నెత్తిన ఉంది. ఏదైనా చేయాల్సింది మనం, అంటే చూసేవాళ్లం, రాసేవాళ్లం. అందుకు ఇప్పటికీ ఆలస్యం కాలేదు. ఆగస్టు 4న సైనా పతకం గురించి రాసేటప్పుడు వాంగ్ షిన్ పేరు, ఆమె స్కోరు, ఆమె మోకాలు రాయడానికి ఖర్చేమీ లేదు.

‘చైనా వాళ్లకేంటి, ప్రభుత్వమే పెంచుతుంది, యంత్రాల్లా తయారు చేస్తారు’ అని మనవాళ్లు తేలిగ్గా అంటారు. పెంచుతుంది నిజమే. చిన్నప్పుడే క్రీడా పాఠశాల, తర్వాత రాష్ట్ర జట్టు, ఆ పైన జాతీయ జట్టు. కానీ ఆ మెట్ల మీద ఎంతమంది జారిపోతారో ఆలోచించండి. ఒలింపిక్ సింగిల్స్‌కు ఒక దేశం నుంచి ఇద్దరికి మించి పంపరు. పారిస్‌కు ముందు చైనాలో చెన్ యుఫీ, బింగ్‌జియావో కాక వాంగ్ జియీ, హాన్ యువె కూడా ప్రపంచంలో మొదటి పది ర్యాంకులకు అటూ ఇటూగా ఉన్నారు. వేరే ఏ దేశంలో పుట్టినా ఆ ఇద్దరూ పారిస్ కోర్టు ఎక్కేవాళ్లు. వాళ్లింట్లో కూర్చుని టీవీలో చూశారు. మనకు సింధు తర్వాత ఎవరా అని వెతుకుతున్నాం, వాళ్లకు తోటివాళ్లే మొదటి ప్రత్యర్థులు. ఆ ఒత్తిడిలో రెండు ఒలింపిక్స్ ఆడి, 2020, 2024 ఉబెర్ కప్పులు, అంటే మహిళల జట్ల ప్రపంచ పోటీలు, గెలిచిన జట్లలో ఉండి, 27 ఏళ్లకు చాలనుకుంది. యంత్రమైతే ఇంకో నాలుగేళ్లు తిరిగేది.

ఈ ఊరికి చైనా సింగిల్స్ ఆటగాళ్లను మెచ్చుకోవడం రాదని కూడా అనను. 2009 ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ గచ్చిబౌలిలోనే కదా జరిగింది. సైనా క్వార్టర్స్‌లో వాంగ్ లిన్ చేతిలో ఓడినా జనం మర్నాడు మానలేదు. మహిళల ఫైనల్లో లు లాన్, షియె షింగ్‌ఫాంగ్ ఆడారు, లు లాన్ ప్రపంచ చాంపియన్ అయింది. మగవాళ్లలో లిన్ డాన్, అతనికది మూడో ప్రపంచ టైటిల్. ఫైనళ్లలో మనవాళ్లు ఒక్కరూ లేరు. అయినా లిన్ డాన్ దూకుడుకు గచ్చిబౌలిలో పడ్డ ఈలలు నేను విన్నాను. అతనూ ఎడమచేతి వాడే. ఆ తర్వాత కొన్నాళ్లు మా దుకాణానికి వచ్చిన కుర్రాళ్లంతా కుడిచేతి వాళ్లయినా అతనిలాగే సెల్యూట్ కొట్టేవాళ్లు. ఈ ఊళ్లోనే ప్రపంచ చాంపియన్ అయిన లు లాన్ పేరు ఇప్పుడు గచ్చిబౌలిలో ఎవరినైనా అడగండి. ఎందుకు తెలియదంటే, ఆ తర్వాత ఎవరూ మళ్లీ రాయలేదు.

మీరు రాయడం వల్ల నాకొచ్చే లాభం ఒకటుంది, అది కూడా చెప్పేస్తాను. మా దగ్గరికి ఒక ఎడమచేతి పాప వస్తుంది, పదకొండేళ్లు ఉంటాయేమో. తండ్రి ఆటో నడుపుతాడు. ఎవరో ఆ పిల్లకు కుడిచేత్తో ఆడమని సలహా ఇచ్చారట, ‘నేర్పడం తేలిక’ అని. నేను ఫోన్‌లో ఆ పిల్లకు బింగ్‌జియావో ఆట చూపించాను. నోరు తెరుచుకుని చూసింది. “అంకుల్, ఈమెది ఏ దేశం?” అనడగలేదు. “ఈమె గ్రిప్ ఎవరు చుడతారు?” అనడిగింది. మన దేశంలో సింగిల్స్‌లో చూపించడానికి పెద్ద ఎడమచేతి ఆడపిల్ల నాకు తట్టలేదు. నాకు తోచింది సుజౌ పిల్లే. ఆ పాప తండ్రి పొద్దున్నే ఆటో స్టాండులో మీ పేపరే చదువుతాడు. నేను చెప్తే గట్టింగ్ వాడి మాట, మీరు రాస్తే పేపర్లో పడ్డ మాట. తేడా మీకు తెలుసు.

జనవరిలో ఢిల్లీలో ఇండియా ఓపెన్ ఉంది. చైనా వాళ్లు ఏటా వస్తారు, ఈసారీ వస్తారనే అనుకుంటున్నా. సింధు ఎవరితో ఆడినా, మ్యాచ్ ముందు రోజు ఆ ఎదుటి మనిషి గురించి ఒక చిన్న పెట్టె కట్టండి. ఏ ఊరు, ఏ చేయి, ఇంతకు ముందు ఎవరిని ఓడించింది, ఏ షాట్‌కు పేరు, ఒంట్లో ఏ గాయం ఉంది. మీ క్రీడా విలేకరులకు ఇది పెద్ద పని కాదు. ఏం రాయాలో తోచకపోతే ఒక సాయంత్రం ఆరు తర్వాత మా దుకాణానికి పంపండి, అకాడమీల నుంచి పిల్లలు వచ్చే వేళ అది. మొన్న ఒక కుర్రాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: “ఆన్ సే యంగ్ అలిసిపోగా ఎవరైనా చూశారా అన్నా, చూస్తే ఎవరు అలిసిపోయేలా చేశారు?” దాంతో మొదలుపెట్టినా సరే.

ఇట్లు,
గట్టింగ్ పనిచేసుకునే ఒక పాఠకుడు,
బషీర్‌బాగ్, హైదరాబాద్.